మందులన్నీ వెళ్ళేది ఒకే గుమ్మంలోంచి

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ముందు తిరిగి చెబుతాను, తప్పుంటే దిద్దండి. మీ నాన్నగారికి 61 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నారు. బీపీకి టెల్మిసార్టాన్. థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములతో మొదలై ఏడాదిన్నరలో 125కి చేరింది, అయినా థైరాయిడ్ హార్మోను చాలనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ 11 దగ్గరే ఉంది. అరికాళ్ళు మండుతున్నాయని, దూది మీద నడుస్తున్నట్టు ఉందని అంటున్నారు. ప్రతి శనివారం ఉప్పల్‌లో స్నేహితుడి ఇంట్లో రెండు సీసాల స్ట్రాంగ్ బీరు. మొన్న ఆదివారం తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలతో, మాట తడబడుతూ, మిమ్మల్ని కూడా గుర్తుపట్టలేని స్థితిలో కనిపించారు. రాత్రి తాగింది ఇంకా దిగలేదనుకుని మళ్ళీ పడుకోబెట్టారు. పక్కింటావిడ వచ్చి పంచదార నీళ్ళు తాగిస్తే పావుగంటలో లేచి కూర్చున్నారు. ఇప్పుడు మీ ఇంట్లో కొందరు ఇంగ్లీషు మందులన్నీ ఆపేసి కషాయం మొదలుపెడదామంటున్నారు. బీరు మానేసి ఊరి నుంచి స్వచ్ఛమైన కల్లు తెప్పించుకుంటానని నాన్నగారు బేరం పెట్టారు. ఇదంతా మందుల వల్లే జరిగిందా, ఆపేయాలా అని మీ ప్రశ్న.

ఆపకండి. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి. నేను డాక్టర్ని కాదు, తార్నాకలో ముప్పై ఒక్క ఏళ్ళు మందుల షాపు కౌంటర్ వెనక నిలబడిన ఫార్మసిస్టుని. చీటీ రాసేది డాక్టర్లు. ఆ చీటీ ఇంటికి వెళ్ళాక దాని గతి ఏమవుతుందో మాకు తెలుస్తుంది. ఏ మాత్రను దేనితో మింగుతున్నారో, ఏది ఎవరి మాట విని మానేశారో, డాక్టరు దగ్గర దాచినదేమిటో మా దగ్గర చెబుతారు. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఒకదానికి నిజంగానే మాత్ర కారణం అయి ఉండవచ్చు. ఒకదానికి కాఫీ. ఒకదానికి బీరు, మాత్ర కలిసి. ఇక కషాయం, కల్లు రాబోయే ఇబ్బందులు.

మన భాషలో జ్వరానికి వేసుకునేదీ మందే, శనివారం తాగేదీ మందే, చేనులో పురుగుకు కొట్టేదీ మందే. తెలుగువాళ్ళం ఆ మాట మీద ఎన్ని హాస్యాలు ఆడుకున్నా, కాలేయానికి అది హాస్యం కాదు. దానికి చీటీ చదవడం రాదు. డాక్టరు రాసిందా, స్నేహితుడు పోసిందా, అమ్మ వండిందా అని చూడదు. పేగుల్లోంచి రక్తంలోకి చేరినవన్నీ దాదాపుగా ముందు దాని గుమ్మం ముందే వరుస కడతాయి. ఆ వరుసలో ఏది ముందు, దేని పక్కన ఏది నిలబడింది అన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడుతుంది.

ఆదివారం సంగతి ముందు చూద్దాం. మిగతా వాటితో మనిషి ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చు. దీనితో ఒక్క రాత్రిలో ప్రాణం పోవచ్చు. ఆయనది మత్తు కాదు, రక్తంలో చక్కెర పడిపోయింది. పంచదార నీళ్ళకు లేచి కూర్చోవడమే సాక్ష్యం. మత్తు పంచదారకు దిగదు.

‘బీరే కదా’ అని రాశారు. ఆ మాట కౌంటర్ దగ్గర నేను కొన్ని వేల సార్లు విన్నాను, అందుకే లెక్క వేసి చూపిస్తాను. మన దగ్గర పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది. అంటే సీసాకు 52 మిల్లీలీటర్లు, బరువులో 41 గ్రాములు. విస్కీలో 42.8 శాతం, కాబట్టి 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో ఉండేది 20 గ్రాములు. ఒక స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. నాన్నగారు ప్రతి శనివారం నాలుగు పెద్ద పెగ్గులు తాగి వస్తున్నారంటే మీ ఇంట్లో ఎప్పుడో పంచాయితీ జరిగేది. బీరు కాబట్టి జరగలేదు.

ఈ 82 గ్రాములను కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల చొప్పున కరిగిస్తుంది. మనం తొందరపెడితే ఆ వేగం పెరగదు. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ళ స్నానం, పాలు లేని కాఫీ, ఏదీ దాన్ని కదిలించదు. రాత్రి 11 గంటలకు చివరి గ్లాసు ముగించిన మనిషి కాలేయం తెల్లవారి 5 గంటలకు ఇంకా అదే పనిలో ఉంటుంది. ఆల్కహాల్‌ను ముందు ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటేట్‌గా మార్చాలి. ఆ రెండు మెట్లలోనూ ఎన్ఏడీ అనే సహాయక పదార్థం రూపం మారిపోతూ ఉంటుంది. కొత్త చక్కెర తయారీకి కూడా అదే పదార్థం అసలు రూపంలో కావాలి. ఇక్కడే చిక్కు. రాత్రి భోజనం అరిగిపోయాక మెదడుకు చక్కెర అందించే పూచీ కాలేయానిది. కొన్ని గంటలు గ్లైకోజన్ అనే చక్కెర నిల్వలోంచి తీసి ఇస్తుంది, నిల్వ తగ్గే కొద్దీ కొత్తగా తయారుచేసి ఇస్తుంది. ఆల్కహాల్ ఉన్నంతసేపు ఆ తయారీ కుంటుపడుతుంది.

ఆరోగ్యవంతుడైతే దీన్ని తట్టుకుంటాడు, ఎందుకంటే చక్కెర తగ్గగానే అతని క్లోమం ఇన్సులిన్ ఆపేస్తుంది. మీ నాన్నగారి ఒంట్లో మాత్రం గ్లిమెపిరైడ్ ఉంది. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయించడమే దాని పని, ఆ పని దాదాపు ఇరవై నాలుగు గంటలు సాగుతుంది. చక్కెర తక్కువగా ఉందే, కాసేపు ఆగుదాం అన్న ఆలోచన దానికి లేదు. పైగా ఆ రాత్రి చికెన్ 65, పల్లీలు తిన్నారు, బిర్యానీ ముట్టలేదు అని మీరే రాశారు. కడుపులోంచి చక్కెర రాలేదు, కాలేయంలోంచి రాలేదు, ఇన్సులిన్ మాత్రం వచ్చింది. ఆ చెమటలు ప్రమాదాన్ని పసిగట్టి ఒళ్ళు విడుదల చేసిన అడ్రినలిన్ వల్ల. తడబాటు మెదడుకు చక్కెర అందక. చూసేవాళ్ళకు రెండూ తాగిన లక్షణాల్లాగే ఉంటాయి, వాసన కూడా వస్తుంది. అందుకే ఈ రెంటి కలయిక అంటే నాకు భయం.

ఇలా మళ్ళీ జరిగితే: మెలకువగా ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి వేలి రక్తం పరీక్షించండి, 70 కన్నా తక్కువ ఉంటే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. లేచి కూర్చున్నాక కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. పంచదార గంటలో ఖర్చయిపోతుంది, మాత్ర పని సాయంత్రం దాకా ఉంటుంది, కాబట్టి రెండోసారి పడిపోవచ్చు. మొన్న మీకు అదృష్టం కలిసొచ్చింది.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు చక్కెర ఇంతగా పడిపోవడం అరుదు. రాత్రి పూట గ్లిమెపిరైడ్ అవసరమా, చక్కెరను ఇలా పడేయని రకం ఏదైనా పెట్టవచ్చా అని డాక్టరును అడగండి. అడిగేటప్పుడు శనివారం సంగతి దాచకండి. నాన్నగారి ఎదుట చెప్పడం మొహమాటమైతే ఒక కాగితం మీద రాసి ముందే లోపలికి పంపండి. మా షాపుకు వచ్చే ఒకాయన కూతురు అలాగే చేసింది. తండ్రి వారం రోజులు అలిగాడు, మాత్ర మాత్రం మారింది.

ఇక థైరాయిడ్. ‘పొద్దున్నే పరగడుపున వేసుకుని కాఫీ తాగుతారు’ అని మీరు రాసిన వాక్యంలోనే జవాబు ఉంది. మన ఇళ్ళలో కాఫీ ఆహారం కింద లెక్కకు రాదు. ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా కాఫీ తాగి ఉపవాసమే అంటారు. పేగులకు ఆ మినహాయింపు తెలియదు. ఆ మాత్రలోని హార్మోను థైరాక్సిన్ చిన్నపేగులో పీల్చుకోబడాలి, కాఫీ ఆ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. కాఫీ తర్వాత గంటకే పాలు పోసిన రాగిజావ, దాని వెంటనే మీ అమ్మగారు ఎముకలకు మంచిదని ఇచ్చే కాల్షియం మాత్ర. రాగిలో, పాలలో, మాత్రలో ఉన్న కాల్షియం అంతా పేగులో థైరాక్సిన్‌ను పట్టుకుని కదలనివ్వదు. 125 మైక్రోగ్రాములు నోట్లో వేసుకుంటున్నారు, రక్తంలోకి ఎంత చేరుతోందో దేవుడికే తెలియాలి.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోను కాదు. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి థైరాయిడ్‌కు పంపే తాకీదు అది. రక్తంలో థైరాక్సిన్ చాలకపోతే తాకీదులు పెరుగుతాయి, సరిపోతే తగ్గుతాయి. మీ నాన్నగారి పీయూష గ్రంథి ఏడాదిన్నరగా తాకీదులు పంపుతూనే ఉంది, డాక్టరు మోతాదు పెంచుతూనే ఉన్నారు, మధ్యలో కాఫీ ఉందని ఎవరూ చెప్పలేదు.

మాత్రను నీళ్ళతో వేసుకుని కాఫీకి, టిఫినుకు కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. కాల్షియాన్ని మధ్యాహ్న భోజనానికి మార్చేయండి. గ్యాసు మాత్ర ఏదైనా రోజూ వేసుకుంటుంటే అదీ డాక్టరుకు చెప్పండి, కడుపులో ఆమ్లం తగ్గినా థైరాక్సిన్ సరిగ్గా అందదు. కాఫీ లేకుండా గంట ఉండలేనంటే రాత్రి భోజనం అయిన మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. రంజాన్ నెలలో మా షాపు ఖాతాదార్లలో కొందరు అలా మార్చుకుంటారు. ఇఫ్తార్ మొదలుకుని హలీం, చాయ్, మళ్ళీ ఏదో ఒకటి నడుస్తూ ఉంటే ఆ మూడు గంటల ఖాళీ దొరకడం లేదని వాళ్ళే నవ్వుతూ చెబుతారు. అలాంటి వాళ్ళు సహరీకి అరగంట ముందు లేచి వేసుకోవడం మేలు.

ఇప్పుడు చాలామంది చెప్పకుండా వదిలేసే సంగతి. వేళలు సరిదిద్దగానే అదే 125 పూర్తిగా ఒంటికి అందడం మొదలవుతుంది. అది ఆయనకు ఎక్కువ కావచ్చు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం వస్తాయి. 60 దాటిన వాళ్ళలో గుండె లయ తప్పడానికీ ఎముకలు పలచబడడానికీ ఇదొక దారి. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే ఏడు రోజులు పడుతుంది, కాబట్టి ఏ మార్పు చేసినా దాని పూర్తి ఫలితం ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ కనిపించదు. వేళ మార్చిన రోజు కేలండర్ మీద రాసుకుని, డాక్టరుకు చెప్పి, ఆ గడువుకు పరీక్ష చేయించండి. అంత నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టే ఒక పూట థైరాయిడ్ మాత్ర మరిచిపోయినా కంగారు అక్కర్లేదు. పరీక్షకు ముందు జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు ఇంట్లో ఎవరైనా ఆయనకు ఇస్తున్నారేమో చూడండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ప్రయోగశాలల పరీక్షా పద్ధతిని గందరగోళపరిచి, టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. రెండు మూడు రోజుల ముందే ఆపాలి.

అరికాళ్ళ మంట దగ్గరికి వద్దాం. షుగరు నరాలను దెబ్బతీస్తుందని అందరికీ తెలుసు, మీ డాక్టరు కూడా అదే అనుకుని ఉంటారు. కానీ మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో పేగులు బీ12 విటమిన్‌ను పీల్చుకోవడం తగ్గుతుంది. ఆ లోటు వెంటనే బయటపడదు, ఎందుకంటే కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది. నిల్వ అయిపోయాక తిమ్మిర్లు, మంట, తూలుడు, మతిమరుపు మొదలవుతాయి. బీ12 మాంసం, చేపలు, గుడ్లు, పాలలో దొరుకుతుంది. శాకాహారులకు పాలే దిక్కు. పన్నెండేళ్ళ మెట్‌ఫార్మిన్, శనివారం మినహా శాకాహారం అన్నారు కాబట్టి, బీ12 పరీక్ష చేయించకుండా ఆ మంటను షుగరు ఖాతాలో రాసేయడం నాకు ఒప్పదు. లోటు తేలితే ఇంజెక్షన్లో మాత్రలో ఇస్తారు, మెట్‌ఫార్మిన్ కొనసాగుతుంది. ఆలస్యమైతే నరం పూర్తిగా కోలుకోదు.

పరీక్షకు ముందే రక్తానికి మంచిదని ఏ టానిక్కూ పట్టించకండి. వాటిలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. బీ12 లోటు ఉన్నవాళ్ళకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తహీనత సర్దుకుంటుంది, రిపోర్టు అందంగా కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతినడం మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఫోలిక్ ఆమ్లం పేరు ఎత్తితే యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోకుండా ముందుకు వెళ్ళలేను, మన్నించండి. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరుల్లో ఇద్దరిని తీసుకుపోయింది, ఆయన్నీ పీడించింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత దాని రూపాన్ని కొద్దిగా మార్చి, కణాలను మోసం చేసే అణువులను తయారుచేశారు. కణం దాన్ని విటమిన్ అనుకుని పట్టుకుంటుంది, పని జరగదు, విభజన ఆగిపోతుంది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు తాత్కాలికంగానైనా ఉపశమనం సాధించి 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. అమినోప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్, నేటికీ కీళ్ళవాతానికి వాడుతున్నాం. పోషకానికీ విషానికీ మధ్య ఒకటి రెండు అణుపుంజాల తేడా అని నాకు తెలిసింది ఆయన కథ వల్లనే.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాని దెబ్బ నుంచి కాపాడడానికి వేరే రోజున ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. రెండూ చిన్న పసుపు మాత్రలే అయితే ముసలివాళ్ళు తారుమారు చేసుకుంటారు. ఒకావిడ నోరంతా పుండ్లతో మా షాపుకు వచ్చి పూత మందు అడిగారు. సంచీ విప్పించి చూస్తే మెథోట్రెక్సేట్‌ను తొమ్మిది రోజులుగా రోజూ వేసుకుంటున్నారు. పూత మందు ఇవ్వకుండా ఆటో పిలిచాను. అప్పటి నుంచి ఆ పట్టీ మీద వారం పేరు ఎర్ర సిరాతో రాయకుండా ఎవరికీ ఇవ్వలేదు.

పోషకాల ముచ్చట మా పేటకు పాతది. జాతీయ పోషకాహార సంస్థ మా షాపుకు నడిచి వెళ్ళేంత దూరం. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధనకు మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల, 1958లో హైదరాబాదుకు వచ్చింది. బెరిబెరి అంటే పాలిష్ బియ్యంతో థయమిన్ అనే బీ విటమిన్‌ను పోగొట్టుకున్న ఒళ్ళు. పెల్లాగ్రా అనే మరో జబ్బు దక్కన్‌లో జొన్న అన్నమే ఆధారంగా బతికేవాళ్ళలో కనిపించేది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండి నియాసిన్ అనే మరో బీ విటమిన్ వినియోగాన్ని దెబ్బతీస్తోందని సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో ప్రతిపాదించారు. పైన చెప్పిన ఎన్ఏడీ తయారయ్యేది ఈ నియాసిన్ నుంచే. రోజూ తాగేవాళ్ళు ఈ బీ విటమిన్లన్నీ పోగొట్టుకుంటారు: తిండి తగ్గుతుంది, పేగులు థయమిన్‌ను పీల్చుకోవు, కాలేయం దాచుకోదు. అలాంటి మనిషి అయోమయంగా ఆసుపత్రికి వస్తే గ్లూకోజు సెలైనుతో పాటు, వీలైతే దానికన్నా ముందే, థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే. మీ నాన్నగారు వారానికి ఒకరోజు మనిషి కాబట్టి దీని మీద ఎక్కువ రాయను.

కిడ్నీల భయం గురించి. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేస్తుందని మీకు వచ్చిన వాట్సాప్ సందేశం చెబుతోందని రాశారు. అది తలకిందులు చేసిన మాట. మెట్‌ఫార్మిన్ మార్పు చెందకుండా మూత్రంలో బయటికి పోతుంది, కాబట్టి కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు అది పేరుకుపోతుంది. కిడ్నీల వడపోత ఎంత ఉందో చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గితే ఆపేస్తారు. పేరుకున్నప్పుడు ఆల్కహాల్ తోడైతే రక్తంలో లాక్టిక్ ఆమ్లం ప్రమాదకరంగా పెరగవచ్చు. కిడ్నీలను నిజంగా దెబ్బతీసేవి చీటీ లేకుండా మా దగ్గర కొనే నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకాలు టెల్మిసార్టాన్‌తో కలిసి వారాల తరబడి నడిస్తే కిడ్నీకి రక్త ప్రసరణే తగ్గుతుంది. మోకాలి నొప్పికి అడిగితే ఇచ్చేవాళ్ళం. నేనూ మొదట్లో ఇచ్చాను, ఆ తప్పులో నాకూ భాగం ఉంది. ఇంకొకటి: బీపీ ఉంది కదా అని తక్కువ సోడియం ఉప్పు కొనుక్కొచ్చి ఉంటే ప్యాకెట్ వెనక చదవండి. సోడియం బదులు అందులో పొటాషియం కలుపుతారు. టెల్మిసార్టాన్ పొటాషియాన్ని ఒంట్లో నిలబెడుతుంది. రెండూ కలిస్తే గుండెకు మంచిది కాదు.

కషాయం. మిరియాలు, శొంఠి వేసి మీ ఇంట్లో కాచుకునే కషాయంతో నాకు పేచీ లేదు. అన్ని జబ్బులకూ ఒకటే అని పేరు లేని డబ్బాలో పొడి పోసి అమ్మేవాళ్ళతోనే పేచీ. నాలుగు రోజుల్లో నొప్పులు మాయమై, ఆకలి పెరిగి, ముఖం నిండుగా తయారైందంటే నేను ముందు అనుమానించేది అందులో స్టెరాయిడ్ కలిపారని. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ మన అడ్రినల్ గ్రంథులు చేసే కార్టిసాల్‌కు నకళ్ళు. బయటి నుంచి అంత కార్టిసాల్ వస్తుంటే పీయూష గ్రంథి తాకీదులు ఆపేస్తుంది, అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి. కొన్ని వారాల తర్వాత పొడి ఒక్కసారిగా మానేస్తే లేపినా లేవవు. బీపీ పడిపోవడం, వాంతులు, నిలబడలేని నీరసం. డాక్టర్లు స్టెరాయిడ్‌ను మెట్టు మెట్టుగా తగ్గించేది ఈ కారణానికే. పొడి కొనేవాళ్ళకు అందులో మెట్టు ఉందనే తెలియదు. షుగరు ఉన్న మనిషికైతే మొదటి వారంలోనే అంకెలు మూడు వందలు దాటవచ్చు.

కల్లు విషయంలో మీ నాన్నగారితో వాదించడం కష్టమే, చెట్టు మీంచి దింపిన తాజా కల్లు రుచి నాకూ తెలుసు. అయితే చెట్టుకూ సీసాకూ మధ్య ఏం జరుగుతుందో చూడాలి. మన దగ్గర కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజిపాం, అల్ప్రాజోలాం వంటి మత్తు మందులు కలుపుతారన్నది పదే పదే పట్టుబడిన సంగతి. ఇవి ఆల్కహాల్ తట్టే తలుపునే మెదడులో తడతాయి, అందుకే కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అలవాటు పడ్డాక ఒక్కసారిగా దొరకకపోతే ఇంకో ప్రమాదం. 2015లో తెలంగాణలో తనిఖీలు పెరిగి కల్తీ సరుకు తగ్గినప్పుడు వణుకు, భ్రమలు, మూర్ఛలతో జనం ఆసుపత్రులకు వచ్చారు. రోజూ తాగేవాళ్ళను ఒక్క రోజులో మాన్పించకూడదని, డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలని చెప్పేది అందుకే. మీ నాన్నగారికి ఆ బెడద లేదు. శనివారం మానేస్తే ఆయనకు పోయేది స్నేహితుల ముచ్చట్లు మాత్రమే, వాటికి సీసా అక్కర్లేదు. ఒకవేళ మానరనుకోండి, ఒక గ్లాసుతో, అన్నం తిన్నాక, ఆ రాత్రి మాత్ర గురించి డాక్టరు ముందే చెప్పిన ప్రకారం. ఖాళీ కడుపుతో మాత్రం ఎప్పుడూ వద్దు. విరేచనాలకు మెట్రోనిడజోల్ వాడుతున్న రోజుల్లోనూ, అది ముగిసిన మూడు రోజుల దాకానూ అసలే వద్దు. ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడతో రాత్రంతా నరకం చూసినవాళ్ళు తెల్లారి మా షాపు తలుపు కొట్టారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక రోజు మొత్తం వేళలతో రాసుకుని వెళ్ళండి. లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ: మాత్ర, కాఫీ, జావ, టానిక్కు, ఉప్పు రకం, శనివారం. బీ12, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, పొటాషియం, మూడు నెలల షుగరు సగటు అడిగి చేయించండి. పట్టీలన్నీ ఒక సంచీలో వేసుకెళ్ళండి, పేర్లు చెప్పడం కన్నా అదే నయం.

గ్లూకోమీటర్ ఇంట్లో లేదని రాశారు. ఈ వారమే కొనండి. అంతదాకా పక్కింటావిడను అడిగి చూడండి. మాట తడబడుతున్న మనిషిని చూడగానే పంచదార నీళ్ళు కలపాలని తోచిందంటే, వాళ్ళింట్లోనూ ఎవరికో గ్లిమెపిరైడ్ నడుస్తూ ఉంటుంది. యంత్రం వాళ్ళది వాడుకోవచ్చు గానీ సూది మాత్రం కొత్తది గుచ్చండి.